పురుగులింటి వెలుతురు

సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలకు కరెంటు పోయింది. అనంతపురంలో మేముంటున్న అపార్టుమెంటు కింద, బండ్లు నిలిపే చోట, అప్పటికి నీళ్ల ట్యాంకర్ గురించి తగువు నడుస్తోంది. కొత్తగా పెట్టించిన తెల్లటి లైట్ల కింద అందరి ముఖాలూ సున్నం కొట్టినట్టున్నాయి. మూడో అంతస్తు ఆయన వేలు చూపిస్తూ మాట్లాడుతున్నాడు. కింది వాటా ఆమె ఆయన్ని కాక, చుట్టూ నిలబడినవాళ్లను చూస్తూ జవాబు చెబుతోంది. లైట్లు ఆరిపోగానే ఇద్దరూ ఆగారు. గేటు అవతలి నుంచి వచ్చే మసక వెలుతురు మాత్రం మిగిలింది. కాసేపటికి ఆయన గొంతు బాగా తగ్గి వినిపించింది.

"ఈ పొద్దు తాగేదానికన్నా ఉండాయా అమ్మా, మీ ఇంట్లో?"

"ఒక బిందె ఉండాదన్నా" అంది ఆమె.

అంతలో ఎవరో జనరేటర్ వేశారు. లైట్లు వచ్చాయి. ఆయన చెయ్యి మళ్లీ పైకి లేచింది.

నేను మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. మా పెద్దమ్మ ఉంటే ఆ జనరేటర్ వేసినవాణ్ణి ఏమి తిట్టేదో ఊహించుకున్నాను. ఆమె పోయి ఏడాది కావస్తోంది. దుఃఖం తగ్గిందనే అనుకుంటున్నాను ఈ మధ్య. ఆ పూట అన్నం తినబుద్ధి కాలేదు.

ఆమె మా నాయనకు వదిన. మడకశిర దగ్గర మా ఊళ్లో ఆమెకు ఇంటిపేరుతో, పేరుతో పని లేదు. వరసకు ఏమైనా కానీ, అందరూ పెద్దమ్మా అనే పిలిచేవాళ్లు. పొట్టి మనిషి. మాట్లాడేటప్పుడు కుడిచేతి బొటనవేలితో చూపుడువేలి కొనను రుద్దుకునేది, ఆకు నలిపి వాసన చూసేవాళ్లలాగా. నిజంగానే ఆ అలవాటు ఆకు వల్ల వచ్చిందే. ఆమె పట్టుపురుగులు మేపేది. మల్బరీ ఆకు లేతదా ముదురుదా అన్నది కళ్లతో కంటే వేళ్లతో ఎక్కువ నమ్మేది.

ఇంటి వెనక పొడవాటి పెంకుల కొట్టం ఉండేది. దాన్ని పురుగులిల్లు అనేవాళ్లం. తూర్పు గోడ వెంబడి తట్టలు మా నాయనవి, పడమటి గోడ వెంబడివి పెద్దమ్మవి. కిటికీలకు గోనెపట్టలు వేలాడేవి. మధ్యలో ఒక జీరో బల్బు. తలుపు పక్కన ఒక ట్యూబులైటు కూడా ఉండేది కానీ, అది కొట్టం కడిగే రోజుల్లోనే వెలిగేది. వాన కోసం ఏడాదంతా మొగం ఎత్తి చూసే సీమలో, నేను చిన్నప్పుడు వాన చప్పుడు ఎక్కువగా విన్నది ఆ కొట్టంలోనే. వేల పురుగులు ఒక్కసారి ఆకు తింటుంటే అచ్చం పెంకుల మీద జల్లు పడుతున్న చప్పుడే. తలుపు దగ్గర నిలబడి కళ్లు మూసుకుంటే, బయట తడి మట్టి ఉంటుందని నమ్మేవాణ్ణి. ఇప్పటికీ ఆ గదిని తలుచుకుంటే నాకు మొదట వచ్చేది భక్తి. రెండోది ఆకు వాసన.

వెలుతురు సంగతి ఆమెకు పురుగుల దగ్గరే తెలిసిందని నేననుకుంటాను. పురుగుకు ఎండ పనికిరాదు, కారుచీకటీ పనికిరాదు. ఒక పక్క కిటికీ తెరిస్తే తట్టలోని పురుగులన్నీ రెండో పక్కకు జరిగి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఆ పక్కన ఆకు చాలదు, ఈ పక్కన ఆకు ఎండిపోతుంది. గూడు కట్టే రోజుల్లో అయితే మరీ. నీడ ఉన్న మూలకు గుంపుగా పోయి, రెండు పురుగులు కలిసి ఒకే గూడు కట్టేస్తాయి. దాన్నుంచి దారం సరిగా రాదు. రెండు పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని తెగిపోతాయి.

"మనుషులు కూడా అంతేనా పెద్దమ్మా?" అని నేను ఒకసారి అడిగాను. అప్పటికి కాలేజీలో చేరాను. ఏదో గొప్ప ప్రశ్న అడిగినట్టు అనిపించింది.

"పురుగుకీ మనిసికీ ఏం సమ్మందమప్పా? పురుగు తిన్నెంత సేపు నోరు మూసుకోని తింటాది" అంది.

పోలికలు ఆమెకు నచ్చవు. చూసింది చెప్పేది, అంతే.

ఊళ్లో తగువులు ఆమె దగ్గరకు వచ్చేవి. పెద్దమనుషుల పంచాయితీ రచ్చకట్ట మీద వేరే ఉండేది. అక్కడ తెగనివి, అక్కడ చెప్పుకోలేనివి దీపాలు పెట్టే వేళకు ఆమె నడిమింట్లోకి వచ్చేవి. మేక చేలో పడిందనీ, కోడలు మాట్లాడడం లేదనీ, గట్టు జరిపినాడనీ. ఆమె తీర్పు చెప్పడం నేను చూడలేదు. చూసిందల్లా ఆమె కూర్చోబెట్టే తీరు. ఎదురెదురుగా కూర్చోనిచ్చేది కాదు. గది మూల దగ్గర, ఒకరిని ఈ గోడకు, ఇంకొకరిని ఆ గోడకు ఆనించేది. మోకాళ్లు దగ్గరగా ఉంటాయి, చూపులు మాత్రం రెండు వైపులకు పోతాయి. తర్వాత స్విచ్చుబోర్డు దగ్గరకు పోయి, వేలు స్విచ్చు మీద పెట్టి, వెనక్కి తిరిగి అడిగేది.

"ఆర్పేదా?"

ఇద్దరూ ఊ అనాలి. ఒకరు ఊ అని ఇంకొకరు మాట్లాడకపోతే, ఆమె వేలు స్విచ్చు మీద అట్లాగే ఉండేది. ఎంతసేపైనా సరే. అంతవరకూ సూర్యుడు తూర్పున పొడుస్తాడని చెప్పినా ఒప్పుకోనివాళ్లు, ఆ ఒక్కదానికి ఒప్పుకునేవాళ్లు. టక్కుమని ట్యూబులైటు ఆరిపోయేది. దేవుడి గూటి పక్కనున్న జీరో బల్బు వెలిగేది. ఆ ఊ ఎంత పెద్ద విషయమో నాకు చాలా ఏళ్లు తెలియలేదు.

ట్యూబులైటును ఆమె సంత వెలుతురు అనేది. "సంతలో ఎవురన్నా నిజం చెప్తారా? బేరం చేస్తారు" అనేది. అట్లని చీకట్లో మాట్లాడనిచ్చేది కాదు. "చీకట్లో నోటికి ఏమొస్తే అది అంటాడు మనిసి. చేతులు కనపడల్ల. మొగం కనపడకపోయినా పర్వా లేదు." సెల్‌ఫోన్లు వచ్చాక ఒకాయన మాట మధ్యలో టార్చి వేశాడు. "ఆపు నాయనా, నేనేమన్నా మీ కోడిని పట్టుకోని పోయినానా?" అంది. అంత తగువులోనూ అందరూ నవ్వారు.

అంతా అయిపోయాక, ఒప్పుకున్న మాటను మాత్రం మసకలో చెప్పనిచ్చేది కాదు. లేచి మళ్లీ ట్యూబులైటు వేసేది. "కోపం ఆడ చెప్పినారు. ఒప్పుకున్యేది ఈడ చెప్పండి, మొగం చూసి" అనేది. కళ్లు చికిలించుకుంటూ, అప్పుడే నిద్ర లేచినవాళ్లలాగా ఒకరినొకరు చూసుకునేవాళ్లు.

ఒకసారి ఆమె పొరబడింది. మొగుడూ పెళ్లాం వచ్చారు. లైటు ఆర్పింది. మొగుడు చాలా నెమ్మదిగా, చాలా మంచిగా మాట్లాడాడు. పెళ్లాం ఊ అంది. ఒప్పుకుందనుకొని పెద్దమ్మ వాళ్లను ఇంటికి పంపింది. మరుసటి పొద్దున పాలు పోసే చోట ఎండలో ఆ పిల్ల చెంప చూసింది. కమిలి ఉంది. ముందు రోజు సాయంత్రం కూడా కమిలే ఉండింది. ఆ పాల చెంబు అక్కడే పెట్టి, ఆ పిల్ల చెయ్యి పట్టుకొని మడకశిర బస్సెక్కించి, వాళ్ల అమ్మగారింటి దాకా తానే పోయి దిగబెట్టి వచ్చింది. ఈ సంగతి నాతో ఒక్కసారే చెప్పింది. చెప్పేటప్పుడు వేళ్లు రుద్దుకోవడం లేదు.

"కొట్టినోనికి మసక వెలుతురు బో ఇష్టం" అంది. "మాట వినేదానికి లైటు అక్కర్లేదు. దెబ్బ చూసేదానికి కావల్ల. నేను ముందు చూడల్సింది."

అప్పటినుంచి ఎవరు వచ్చినా గడప దగ్గరే నిలబెట్టి, లైటు వెలుతుర్లో మొగాలు, చేతులు తేరిపార చూసేది. ఆ తర్వాతే లోపలికి రమ్మనేది. కొత్తవాళ్లకు అది వింతగా ఉండేది. "ఏం పెద్దమ్మా, పెళ్లిచూపులా?" అన్నాడొకడు. "నీ మొగానికా?" అంది.

ఇక మా ఇంటి సంగతి.

మా నాయన మల్బరీ తోట, చిన్నాయన టమోటా చేను పక్కపక్కనే. మధ్యలో గట్టు. బోరు నాయన వాటాలో ఉంది. అంతకుముందు వేసిన బోర్లన్నీ ఎండిపోయాయి, నీళ్లున్నది అదొక్కటే. దాన్నుంచి ఒక పైపు గట్టు కిందుగా చిన్నాయన చేలోకి పోతుంది. పెద్దల మధ్య మాట తప్ప దానికి కాగితం లేదు. ఆ పైపు ఉంటేనే చిన్నాయనకు వ్యవసాయం. లేకపోతే బెంగళూరులో ఇటుకలు మోయాలి.

నేను అనంతపురంలో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక సెలవు రోజు ఊరికి వెళ్లాను. మధ్యాహ్నం ఇంట్లో అడుగుపెట్టేసరికి అమ్మ వాకిట్లో కూర్చొని ఏడుస్తోంది. పురుగులింట్లో పురుగులు తలలు పైకెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. నోట్లోంచి పచ్చటి రసం కారుతోంది. ఇంకొన్ని రోజుల్లో గూడు కట్టాల్సిన పురుగులు, వేలెడు పొడవున్నవి, ముడుచుకొని తట్టలో పడిపోతున్నాయి. మా వైపు ఎవరికైనా తెలుసు, అది రోగం కాదు. ఆకుకు పురుగుమందు తగిలింది. ముందు రోజు చిన్నాయన టమోటాకు మందు కొట్టాడు. గాలి మల్బరీ తోట మీదికి వీచింది. పొద్దున అమ్మ ఆ ఆకునే కోసి వేసింది.

నాయన వీధిలో నిలబడి అరిచాడు. చిన్నాయన కూడా తగ్గలేదు.

"నా చేను, నా మందు. నీ పురుగుల్ని అడిగి కొట్టల్నా నేను?"

"అడగొద్దురా. నా బోరు, నా నీళ్లు. రేపు తెల్లారేసరికి పైపు కోసేస్తా. నీ టమోటా ఎట్ల బతుకుతాదో చూస్తా."

"కొయ్యి. మొగోడివైతే ఈ పొద్దే కొయ్యి."

సాయంత్రానికి రచ్చకట్ట మీద పెద్దమనుషులు కూర్చున్నారు. పైన వీధిలైటు. ఊరు సగం అక్కడే ఉంది. మాట మాటకూ ఇద్దరి గొంతులూ పెరిగాయి. చిన్నప్పుడు ఎప్పుడో పగిలిన పలక దగ్గరనుంచి అన్నీ బయటికి తీశారు. నాయన ఇంటికి వచ్చి, గోడకు తగిలించిన రంపం తీసి వాకిట్లో పెట్టాడు. పొద్దున్నే కావాలి కదా అని. ఆయన ఒక మాట అన్నాడంటే చేస్తాడు. అది ఆయన మంచితనమూ, చెడ్డతనమూ.

అప్పుడు పెద్దమ్మ వచ్చి రంపాన్ని చూసింది. "మీ తమ్మున్ని పిలిపించినా. పురుగులింటికి రా" అంది నాయనతో. నన్ను చూసి, "నువ్వూ రా అబ్బీ. మాట్లాడొద్దు" అంది.

నడిమిల్లు కాకుండా అక్కడికి ఎందుకు పిలిచిందో ఆ గడప దాటాకే అర్థమైంది. చప్పుడు లేదు. పుట్టిన దగ్గర్నుంచి ఆ కొట్టంలో నేను విన్న జల్లు చప్పుడు లేదు. ట్యూబులైటు వెలుతుర్లో ఇద్దర్నీ గడప దగ్గర నిలబెట్టి మొగాలు, చేతులు చూసింది, బయటివాళ్లను చూసినట్టే. కొట్టుకోలేదని తేల్చుకుంది. మూలలో ఒకరిని తూర్పు గోడకు, ఒకరిని ఉత్తరం గోడకు కూర్చోబెట్టింది. స్విచ్చు మీద వేలు పెట్టింది.

"ఆర్పేదా?"

"ఊ" అన్నాడు చిన్నాయన.

నాయన మాట్లాడలేదు. ఆమె కదల్లేదు. ఆ వేలిని నేను చూస్తూ కూర్చున్నాను. పైపు సంగతి ఇక్కడే తేలుతుందని నాకు అనిపించింది. ఎంతసేపో చెప్పలేను.

"ఆర్పు వదినా" అన్నాడు నాయన.

ఆమె లైటు ఆర్పి వచ్చి, నా పక్కన చీకటి మూలకు కూర్చుంది. జీరో బల్బు వెలుతుర్లో నాకు వాళ్ల చేతులు మాత్రమే కనిపించాయి. నాయన చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. చిన్నాయన చేతులు ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్నాయి. మందు కొట్టినావా అని ఆమె అడగలేదు. తప్పు ఎవరిదని అడగలేదు.

"గాలి ఎట్ల ఉన్నింది అబ్బీ నిన్న?" అంది, రోజూ అడిగే మాటలాగా.

"గాలే లేదు వదినా."

వీధిలో అయితే ఆ మాటకు నాయన పైకి లేచేవాడు. అక్కడ లేవడానికి ఎవరూ చూడడం లేదు. చిన్నాయన చేతులు విడిపోయి, మళ్లీ కలిశాయి.

"మొదుట్లో లేదు" అన్నాడు. "మందు కలిపినాక లేసింది. పడమట నుంచి. కలిపిన మందు పారబోసేది యాలని... చూసినానన్నా. గాలి నీ తోట మీదికి పోతాండేది చూసినా. చూసి కూడా కొట్టినా."

మా నాయన జీవితంలో ఎప్పుడూ ఆలోచించి మాట్లాడింది నేను చూడలేదు. ఆ పూట చూశాను.

"ఒక్క కేక ఏసింటే ఆకు ముందే కోసుకుంటాంటి గదరా" అన్నాడు.

"మాట్లాడుకోకుంటిమి గద, కొన్నాళ్ల నుంచి."

అప్పుడు నాయన, ఎవరూ అడగని మాట చెప్పాడు.

"నీకు నీళ్లు తగ్గించింది నేనే. కరెంటు ఇచ్చిన కాడికి నా తోటకే పారించుకున్యా. ఆకు లేతగా రావల్లని. నీ చెట్లు వాడిపోయి పురుగు పట్టింది అందుకే. నాకు తెలుసు."

చిన్నాయన చేతులు విడిపోయాయి. ఈ సంగతి ఆయనకు తెలియదు. మోటారు చెడిపోయిందనుకున్నాడట. అది బయటపడితే పోట్లాట మళ్లీ మొదలవుతుందని నేను భయపడ్డాను. ఆయన చెయ్యి ఒకటి జరిగి నాయన మోకాలి పక్కన నేల మీద ఆగింది. తాకలేదు. అక్కడే ఉంది.

పెద్దమ్మ లేచి ట్యూబులైటు వేసింది. "ఇప్పుడు చెప్పండి."

"పైపు కొయ్యను" అన్నాడు నాయన, గోడను చూస్తూ.

"గోడకు చెప్తాండావా?"

నాయన తమ్ముడి వైపు తిరిగాడు. "పైపు కొయ్యనురా. నీళ్లు సగం సగం."

"మందు కొట్టే పొద్దు వచ్చి చెప్తాన్నా. గాలి చూసుకొనే కొడతా."

అయిపోయింది. ఇద్దరూ లేచారు. పెద్దమ్మ చీపురు, గంప తీసుకొని పడమటి గోడ దగ్గరకు పోయి, తట్టల్లోంచి చచ్చిన పురుగులను ఎత్తడం మొదలుపెట్టింది. తన తట్టల్లోంచి. గడప దగ్గర చిన్నాయన ఆగిపోయాడు. అంతవరకూ వీధిలో కానీ, రచ్చకట్ట మీద కానీ, ఇంట్లో కానీ అందరం నాయన పురుగుల గురించే మాట్లాడాం. అదే కొట్టం, అదే తోట ఆకు. మాలో ఎవరికీ తోచలేదు. ఆమె ఒక్క మాటా అనలేదు.

"వదినా... నీవి కూడానా?"

"నావని మందు పక్కకు పోతాదా అబ్బీ?" అంది వంగి పని చేస్తూనే.

ఆయన వచ్చి ఆమె చేతిలోంచి గంప తీసుకున్నాడు. నాయన రెండో గంప తెచ్చాడు. దొడ్లో గుంట తవ్వి ఇద్దరూ కలిసి పూడ్చారు. నేను తట్టలు కడిగాను. ఆమె గడప మీద కూర్చుంది. కాళ్లు చాపుకొని, వేళ్లు రుద్దుకుంటూ.

తర్వాత నేను అడిగాను. రచ్చకట్ట మీద తెగనిది ఇక్కడ ఎట్లా తెగింది అని.

"ఆడ లైటు కింద వాళ్లు ఒగరితో ఒగరు యాడ మాట్లాడినారు? చూసేటోళ్లతో మాట్లాడినారు" అంది. "నాకూ కోపం వచ్చింది. అందుకే నీ పక్కన కూచున్యా, చీకటి మూలకు" అంది. దాని గురించి మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు.

నేను చాలా పుస్తకాలు చదివాను. న్యాయం గురించి, క్షమ గురించి. తనకు జరిగిన నష్టాన్ని అంత దగ్గర పెట్టుకొని, దాని మీద వెలుతురు పడకుండా కూర్చున్న మనిషిని నేను ఆ ఒక్కసారే చూశాను. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా దానికి సరైన మాట దొరకడం లేదు. దొరికినా ఆమెకు నచ్చదు.

ఆ తర్వాత చిన్నాయన మందు కొట్టే పొద్దుల్లో వాకిట్లోకి వచ్చి, "అన్నా, మందు కొడతాండా. గాలి యాడికుండాది చూడు" అని పిలిచేవాడు. ఇద్దరూ గట్టు మీద నిలబడి పిడికెడు మట్టి పైనుంచి వదిలి, అది ఎటు పోతుందో చూసేవాళ్లు. కొన్నిసార్లు గాలి లేకపోయినా చాలాసేపు నిలబడేవాళ్లు.

ఆమె పోయిన తర్వాత పురుగులిల్లు ఖాళీ చేశాం. ఇప్పుడు అందులో తెల్లటి లైట్లు పెట్టి, మందులూ ఎరువులూ దాచుకుంటున్నారు. నడిమింట్లోనూ అవే లైట్లు. నేల మీద పడ్డ ఆవగింజ కూడా కనిపిస్తుంది. మొన్న ఊరికి పోయినప్పుడు మోటారు వంతుల గురించి చిన్నాయన కొడుకూ, మా తమ్ముడూ అదే గదిలో ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకున్నారు. తప్పుగా ఏమీ అనుకోలేదు. ఒకరి ముఖం ఒకరికి చాలా బాగా కనిపిస్తోంది. ఇద్దరూ మధ్యమధ్యలో నన్నే చూశారు.

పైపు అక్కడే ఉంది. నీళ్లు పారుతున్నాయి. మా ఇంట్లో మాట్లాడే ముందు, ఆర్పేదా అని ఎవరూ అడగడం లేదు.